వేళ్లు బతికితే ఆర్కిడ్ బతుకుతుంది

ఒమాన్‌లోని ఉత్తర బాతినా గవర్నరేట్‌కు చెందిన అల్ సువైక్, ఒక పక్క సముద్రం, మరొక పక్క హజర్ పర్వతాలు హద్దులుగా ఉన్న తీరమైదానంలో ఖర్జూరం, నిమ్మ, మామిడి తోటల నడుమ పెరిగిన పట్టణం. ఎండను తట్టుకునే చెట్లకు పేరుపడిన ఈ నేల మీద, ఉష్ణమండలపు తడి అడవుల్లో కొమ్మలను పట్టుకుని పెరిగే ఆర్కిడ్ కూడా ఇప్పుడు ఇంటి మొక్కగా చోటు సంపాదించుకుంది. పుట్టినరోజుకో గృహప్రవేశానికో కానుకగా వచ్చిన పూలకుండీ రెండు మూడు నెలలు హాలుకు అందం తెచ్చి, పూలు రాలగానే ఒక మూలకు చేరుతుంది. వేసవి సెలవులకు స్వదేశం వెళ్లిన కుటుంబం తిరిగి వచ్చేసరికి దాని ఆకులు ముడుతలుపడి, వేళ్లు నల్లబడి ఉంటాయి. ఆ కుండీ చెత్తబుట్టకు చేరడం గల్ఫ్ దేశాల్లోని ప్రవాస కుటుంబాలకు, వారిలోని తెలుగువారికి, బాగా తెలిసిన వరుస.

అలా పారవేసిన మొక్కల్లో చాలావాటికి ఇంకా ప్రాణం ఉంటుంది. ఆర్కిడ్ నెమ్మదిగా పెరిగే మొక్క, నెమ్మదిగానే నశించే మొక్క. దళసరి ఆకుల్లోనూ కాండంలోనూ నిలవ ఉన్న నీటితో, ఆహారంతో అది వేళ్లు పోయిన తరువాత కూడా వారాల తరబడి, కొన్నిసార్లు నెలల తరబడి నిలబడగలదు. ఆ వ్యవధిలో చేయవలసిన పని ఆకుల మీద నీళ్లు చల్లడమో, బలం వస్తుందని ఎరువు వేయడమో కాదు, కొత్త వేళ్లు పుట్టడానికి అనువైన పరిస్థితిని కల్పించడం. ఆర్కిడ్ సంరక్షణకు సంబంధించిన మిగతా సూత్రాలన్నీ ఈ ఒక్కదాని నుంచే పుడతాయి.

చెట్టు మీద బతికే మొక్క

సుమారు 28,000 జాతులున్న ఆర్కిడ్ కుటుంబం పూలమొక్కల్లోని అతి పెద్ద కుటుంబాలలో ఒకటి. భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ 2019లో వెలువరించిన జాబితాలో మనదేశపు ఆర్కిడ్లే 1,256 జాతులు ఉన్నాయి. వీటిలో కొన్ని నేల మీద పెరిగితే, ఎక్కువ భాగం చెట్ల బెరడును ఆధారం చేసుకుని పెరిగే వృక్షోపజీవులు. వృక్షోపజీవి అంటే చెట్టు మీద నివసించేదే తప్ప చెట్టు రసాన్ని పీల్చే పరాన్నజీవి కాదు. కొమ్మ దానికి నిలబడే చోటు మాత్రమే ఇస్తుంది, నీటిని వాన నుంచీ మంచు నుంచీ, పోషకాలను బెరడు మీదుగా జారే నీటిలో కరిగిన అతి స్వల్ప లవణాల నుంచీ అది స్వయంగా సంపాదించుకుంటుంది.

తెలుగు నేలకు ఈ మొక్కలు కొత్తవి కావు. నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో 1781 నుంచి 1793 వరకు పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బరో, కోరమాండల్ తీరపు మొక్కలపై 1795లో వెలువడటం మొదలైన తన సచిత్ర గ్రంథంలో, వదనిక, బదనిక అనే పేర్లతో తెలుగువారు ఎరిగిన వాండా ఆర్కిడ్‌ను శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. గళ్లగళ్ల మచ్చలున్న పూలతో మైదానాల్లోని మామిడిచెట్ల మీద కూడా కనిపించే ఈ మొక్కకు మట్టితో పని లేదు. తూర్పు కనుమల్లో నక్కతోక ఆకారంలో పూలగెలలు వేలాడదీసే రింకోస్టైలిస్‌దీ ఇదే జీవన విధానం. నేడు దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడయ్యే ఫెలనాప్సిస్, అంటే రెక్కలు విప్పిన చిమ్మట ఆకారపు పూలుండే ఆర్కిడ్, ఈ రెండింటికీ దగ్గరి బంధువు.

ఈ మొక్కల వేరు నిర్మాణాన్ని అర్థం చేసుకుంటే సంరక్షణలో సగం తెలిసినట్లే. వేరు మధ్యలో సన్నని సజీవమైన తీగ ఉంటుంది. దాని చుట్టూ వెలమెన్ అనే మృతకణాల పొర మందంగా చుట్టుకుని ఉంటుంది. ఈ పొర స్పాంజిలాగా క్షణాల్లో నీటిని పీల్చుకుని, తరువాత మెల్లగా లోపలి కణాలకు అందిస్తుంది. పొడిగా ఉన్నప్పుడు కణాలు గాలితో నిండి వేరు వెండిరంగులో కనిపిస్తుంది, తడిసినప్పుడు పొర పారదర్శకమై లోపలి హరిత కణాలు పచ్చగా బయటపడతాయి. తడవడం, ఆ తరువాత గాలి ఆడి ఆరడం అనే రెండు దశలూ ఈ వేరుకు సమానంగా అవసరం. ఎప్పుడూ నీటిలో మునిగి ఉంటే లోపలి కణాలకు ప్రాణవాయువు అందక అవి చనిపోతాయి, వాటి మీద శిలీంధ్రాలూ బాక్టీరియాలూ చేరి కుళ్లు మొదలవుతుంది. ఎప్పుడూ ఎండి ఉంటే వేరు ముడుచుకుని గుల్లబారుతుంది.

ఫెలనాప్సిస్‌కు ఉన్న మరొక విశేషం దాని శ్వాసక్రమం. చాలా మొక్కలు పగటిపూట పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటే, ఇది పగలు వాటిని చాలావరకు మూసి ఉంచి రాత్రివేళ తెరుస్తుంది; రాత్రి గ్రహించిన వాయువును మాలిక్ ఆమ్లం రూపంలో దాచుకుని, మరునాటి వెలుతురులో దానితో ఆహారం తయారుచేసుకుంటుంది. క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ అని పిలిచే ఈ పద్ధతి కలబంద వంటి ఎడారి మొక్కల్లోనూ ఉంది. నీటిని పొదుపు చేసే ఈ ఏర్పాటు వల్ల మొక్కకు రాత్రి గాలిలోని తేమ పగటి తేమకన్నా ముఖ్యమవుతుంది. ఏసీ గదుల్లో పెరిగే మొక్కల విషయంలో దీని ప్రాముఖ్యం మరీ ఎక్కువ.

అడవి మొక్క అంగడికి వచ్చిన దారి

ఆర్కిడ్లను అర్థం చేసుకోకుండా పెంచడం వల్ల కలిగిన నష్టానికి 19వ శతాబ్దపు ఇంగ్లండ్ పెద్ద ఉదాహరణ. ఉష్ణదేశాల నుంచి ఓడల మీద తెచ్చిన మొక్కలను, అవి పుట్టిన చోట్లన్నీ వేడిగా, ఉక్కగా ఉంటాయన్న భ్రమతో, బొగ్గు పొయ్యిలతో వేడెక్కించి కిటికీలు బిగించిన గాజు ఇళ్లలో ఉంచడం వల్ల అవి వేల సంఖ్యలో చనిపోయాయి. 1830లలో చాట్స్‌వర్త్‌లో డెవన్‌షైర్ ప్రభువు ఉద్యానాన్ని నిర్వహించిన జోసెఫ్ పాక్స్‌టన్, గాలి ధారాళంగా ఆడేటట్లు చేసి, మొక్కలు వచ్చిన ప్రాంతాలను బట్టి వేరువేరు ఉష్ణోగ్రతల గదులను ఏర్పరచి, అదే మొక్కలను బతికించి చూపాడు. గాలి లేని వేడి ఆర్కిడ్‌కు ప్రాణాంతకమన్న ఆ పాఠం, తలుపులు మూసిన నేటి ఇంటికి కూడా అక్షరాలా వర్తిస్తుంది.

ఆర్కిడ్ గింజ ధూళికణమంత ఉంటుంది. పిండాన్ని పోషించే అంకురచ్ఛదం దానిలో ఉండదు. ప్రకృతిలో అది మొలవాలంటే ఒక శిలీంధ్రం దానిలోకి చేరి ఆహారం అందించాలని ఫ్రెంచి శాస్త్రవేత్త నోయెల్ బెర్నార్ 1899లో గుర్తించాడు. ఆ శిలీంధ్రం లేకుండానే చక్కెర, లవణాలు కలిపిన అగర్ జెల్లీ మీద గింజను మొలిపించవచ్చునని అమెరికాకు చెందిన లూయిస్ నడ్సన్ 1922లో నిరూపించాడు. మొక్క చివరి భాగంలో వేగంగా విభజన చెందే లేత కణజాలం నుంచి అచ్చంగా అలాంటి మొక్కలనే పెంచవచ్చునని జార్జ్ మొరెల్ 1960లో చూపిన తరువాత కణజాల వర్ధనం పెద్ద పరిశ్రమగా ఎదిగింది. తైవాన్, నెదర్లాండ్స్ వంటి దేశాల్లోని నియంత్రిత గృహాల్లో లక్షల సంఖ్యలో తయారయ్యే మొక్కలు సామాన్యులకు అందుబాటు ధరలో దొరకడానికి ఈ పరిశోధనలే కారణం. చవకైన కొద్దీ మొక్కను పూలగుత్తిలాగా వాడి పారవేసే అలవాటు పెరగడం మాత్రం విచారించవలసిన విషయం, ఎందుకంటే సరైన సంరక్షణలో ఒక ఫెలనాప్సిస్ చాలా ఏళ్లపాటు మళ్లీ మళ్లీ పూస్తుంది.

సువైక్ గాలి, సువైక్ నీరు

ఫెలనాప్సిస్‌కు హాయిగా ఉండే ఉష్ణోగ్రత రాత్రి 18 డిగ్రీల నుంచి పగలు 29 డిగ్రీల వరకు, అనుకూలమైన తేమ 50 నుంచి 70 శాతం. బాతినా తీరంలో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, రాత్రులు కూడా చల్లబడవు. శీతకాలంలో మాత్రం పగలు 25 డిగ్రీల ప్రాంతంలో, రాత్రి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండి ఈ మొక్కకు దాదాపు సరిపోతుంది. సముద్రం పక్కనే ఉండటంవల్ల బయటి గాలిలో తేమ తరచుగా ఎక్కువే ఉన్నా, దేశం లోపలి నుంచి పడమటి గాలి వీచిన రోజుల్లో అది ఒక్కసారిగా పడిపోతుంది. అందువల్ల సువైక్‌లో ఆర్కిడ్ ఏడాదిలో సగం కాలం ఇంటిలోపల, ఏసీ మీద ఆధారపడి బతకవలసిందే.

ఏసీ చల్లదనాన్ని ఇస్తూనే గాలిలోని తేమను నీరుగా మార్చి బయటికి పంపివేస్తుంది. పడకగదిలో రాత్రంతా ఏసీ నడిస్తే, ఆర్కిడ్ పత్రరంధ్రాలు తెరుచుకునే వేళకే గాలి అతి పొడిగా మారి, ఆకుల నుంచి నీరు వేగంగా పోతుంది. వేళ్లు బాగున్న మొక్క ఆ నష్టాన్ని భర్తీ చేసుకుంటుంది కాని వేళ్లు పోయిన మొక్క చేసుకోలేదు. కాబట్టి కుండీని ఏసీ గాలి నేరుగా తగలని చోట, రాత్రివేళ ఏసీ తక్కువగా నడిచే గదిలో ఉంచడం, గులకరాళ్లు పరిచిన పళ్లెంలో నీరు పోసి ఆ నీటికి కుండీ అడుగు తగలకుండా రాళ్ల మీద నిలపడం, నాలుగైదు కుండీలను దగ్గరదగ్గరగా అమర్చడం మేలు చేస్తాయి. ఆకుల మీద నీటిని పిచికారీ చేయడం వల్ల పెరిగే తేమ కొద్ది నిమిషాలలో పోతుంది, ఆకుల మొదట్లో నిలిచిన నీరు మాత్రం కుళ్లుకు దారితీస్తుంది.

నీటి సమస్య మరింత లోతైనది. సుమారు 270 కిలోమీటర్ల పొడవున సాగే బాతినా తీరం ఒమాన్ వ్యవసాయానికి గుండెకాయ. ఏళ్ల తరబడి బావుల నుంచి, భూమిలోకి ఇంకే నీటికి మించి తోడటం వల్ల భూగర్భజలమట్టం తగ్గి, సముద్రపు నీరు భూమిలోకి చొచ్చుకువచ్చింది. లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుండే సముద్రజలం కొద్దిగా కలిసినా బావినీరు ఉప్పబారుతుంది. ఖర్జూరం ఆ ఉప్పును చాలావరకు ఓర్చుకుంటుంది, నిమ్మ ఓర్చుకోలేదు, ఆర్కిడ్ అసలే ఓర్చుకోలేదు. వాననీటిలో ఉండే స్వల్ప లవణాలకు అలవాటుపడిన వేరుకు ఉప్పునీరు తగిలితే, ద్రవాభిసరణ సూత్రం ప్రకారం నీరు వేరులోకి రావడానికి బదులు వేరు నుంచే బయటికి లాగబడుతుంది. అంటే తడిసిన కుండీలోనే మొక్క దాహంతో ఎండిపోతుంది. వేరు చివరలు నల్లబడటం, ఆకుల కొసలు మాడటం, కుండీ అంచున తెల్లని పొర కట్టడం దీని గుర్తులు.

కాబట్టి తోటబావి నీటిని ఈ మొక్కకు వాడకూడదు. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపే టీడీఎస్ మీటరుతో కొలిచినప్పుడు లీటరుకు 150 మిల్లీగ్రాముల లోపు ఉన్న నీరు బలహీనమైన ఆర్కిడ్‌కు శ్రేష్ఠం, 250 వరకు ఉన్నది జాగ్రత్తతో వాడదగినది, 500 దాటినది తగనిది. సముద్రజలాన్ని నిర్లవణీకరించి, అంటే ఉప్పు తొలగించి, సరఫరా చేసే కుళాయి నీరు, వడపోత యంత్రం నుంచి వచ్చిన నీరు, సీసా మీద ముద్రించిన లవణ పరిమాణం తక్కువగా ఉన్న తాగునీరు, వీటిలో ఏది అందుబాటులో ఉంటే దానిని కొలిచి వాడవచ్చు. ఏసీ గొట్టం నుంచి కారే నీరు ఆవిరి చల్లబడి ఏర్పడినది కనుక దానిలో లవణాలు దాదాపు ఉండవు, తీరప్రాంతంలో అది రోజూ లీటర్లకొద్దీ లభిస్తుంది. అయితే అది లోహపు గొట్టాల మీదుగా, ధూళి చేరిన పళ్లెం మీదుగా వస్తుంది కాబట్టి, ఏసీ శుభ్రంగా ఉన్నప్పుడే, రసాయనాలతో కడిగి కొన్ని రోజులు గడిచిన తరువాతే సేకరించి, వీలైతే ఇతర మంచి నీటితో కలిపి వాడటం క్షేమం.

లక్షణం ఆకులో, కారణం వేరులో

నిర్లక్ష్యం రెండు రకాలుగా జరుగుతుంది. నెలల తరబడి నీరు లేక ఎండిపోవడం ఒకటి. ఊరికి వెళ్తూ అలంకార కుండీ నిండా నీరు పోసి, వేళ్లు అందులోనే మునిగి కుళ్లేలా చేయడం రెండవది. విచిత్రమేమిటంటే రెండు సందర్భాల్లోనూ ఆకు ఒకేలా ముడుతలుపడి, తోలులా వంగి, మెత్తబడుతుంది, ఎందుకంటే వేరు ఎండినా కుళ్లినా ఆకుకు నీరు అందదు. ముడుతలు చూసి దాహమేనని తీర్మానించి కుళ్లిన వేళ్ల మీద మరింత నీరు పోయడం వల్లే చాలా ఆర్కిడ్లు చివరికి నశిస్తాయి. అందువల్ల ఆకును చూసి వైద్యం చేయకూడదు, కుండీ నుంచి మొక్కను తీసి వేరును చూడాలి.

ముందుగా పరిశీలించవలసినది ఆకులన్నీ కలిసే మధ్యభాగం, అంటే మొవ్వు. ఫెలనాప్సిస్ ఒకే కాండం చివర నుంచి పైకి పెరుగుతుంది. ఏడాదికి రెండు మూడు కొత్త ఆకులు ఆ మొవ్వులోంచే వస్తాయి. మొవ్వు పచ్చగా, గట్టిగా ఉంటే ఆకులు ఎంత వాడినా ఆశ వదులుకోనవసరం లేదు. మొవ్వు గోధుమరంగుకు మారి, మెత్తబడి, పై ఆకు లాగగానే ఊడివస్తే మొక్క పైకి పెరిగే దారి మూసుకున్నట్లే. అప్పుడు కూడా కాండం అడుగుభాగం గట్టిగా ఉంటే పక్క నుంచి పిలక పుట్టే అవకాశం కొంత మిగిలి ఉంటుంది. అడుగున ఉన్న ఒకటి రెండు ముసలి ఆకులు పసుపుబారి రాలడం సహజమే.

వేళ్ల పరిశీలనకు కుండీ మిశ్రమాన్నంతా దులిపి, వేళ్లను గోరువెచ్చని మంచినీటిలో పావుగంట నానబెట్టాలి. నానిన తరువాత పచ్చగానో తెల్లగానో గట్టిగా ఉన్నవి బతికినవి. గోధుమరంగులో మెత్తగా ఉండి, నొక్కితే నీరు కారేవి కుళ్లినవి. కాగితంలా గుల్లగా నలిగేవి ఎండినవి. రంగు ఒక్కటే నమ్మదగినది కాదు, ఎందుకంటే బెరడు రంగు పట్టి గోధుమగా మారిన వేరు కూడా గట్టిగా ఉంటే పనిచేస్తూనే ఉంటుంది. చేతికి తగిలే గట్టిదనమే అసలు పరీక్ష.

చికిత్స చేసే క్రమం

చచ్చిన వేళ్లను పదునైన కత్తెరతో గట్టిభాగం వరకు కోసివేయాలి. ఒక మొక్క రసం మరొకదానికి తగలడం వల్ల సింబిడియం మొజాయిక్, ఓడాంటోగ్లాసమ్ రింగ్‌స్పాట్ వంటి వైరస్‌లు వ్యాపిస్తాయి, వాటికి మందు లేదు. కాబట్టి ప్రతి మొక్కకూ ముందు కత్తెర అంచును మంట మీద కాల్చి చల్లార్చడం తప్పనిసరి నియమం. కోసిన ఆకు మీద దాల్చినచెక్క పొడి చల్లితే గాయం త్వరగా ఆరుతుంది. అదే పొడిని బతికిన వేళ్లకు తగలనిస్తే అది వాటిని కూడా ఎండబెడుతుంది. పూలకాడ ఇంకా మిగిలి ఉంటే, అది పచ్చగా ఉన్నా సరే, దానిని తొలగించడం మంచిది, ఎందుకంటే వేరు కోసం ఖర్చు కావలసిన నిలవ ఆహారాన్ని పూలకాడ లాగేస్తుంది. ముడుతలుపడిన ఆకులను మాత్రం కోయకూడదు. ఆ ఆకుల్లోని నీరూ ఆహారమే కొత్త వేళ్లకు పెట్టుబడి.

మొక్కను మళ్లీ నాటేటప్పుడు మట్టి వాడకూడదు. వేలెడు మందపు పైన్ బెరడు ముక్కలు, కట్టెబొగ్గు, కొద్దిగా స్ఫాగ్నమ్ నాచు కలిపిన మిశ్రమంలో నీరు నిలవకుండా గాలి ఆడుతుంది. బెరడు దొరకనప్పుడు కొబ్బరిడొప్ప ముక్కలు వాడవచ్చు. వీటిలో సహజంగానే ఉప్పు ఎక్కువగా ఉంటుంది కనుక రెండు మూడు రోజులు నానబెట్టి, నీరు మార్చుతూ కడిగిన తరువాతే వాడాలి. కుండీ వేళ్లు పట్టేంత చిన్నదిగా ఉండాలి. పెద్ద కుండీలో మధ్యభాగం ఆరక కుళ్లు తిరగబెడుతుంది. పక్కల రంధ్రాలున్న పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీ అయితే వేరు రంగు చూసి నీరు పోయవచ్చు. మట్టికుండీలో గాలి బాగా ఆడుతుంది కాని ఏసీ గదిలో మరీ త్వరగా ఆరుతుంది, గోడల్లో ఉప్పు పేరుకుంటుంది, అందువల్ల అది కోలుకున్న మొక్కకే తగినది. మిశ్రమం కుళ్లకముందే, రెండేళ్లకు ఒకసారి, దానిని మార్చాలి.

వేళ్లు దాదాపు పూర్తిగా పోయిన మొక్కకు ఈ పద్ధతి చాలదు. నీరు తాగే దారి లేనప్పుడు నీరు పోగొట్టుకునే దారిని మూయడమే మార్గం. తడిపి గట్టిగా పిండిన స్ఫాగ్నమ్ నాచును పారదర్శకమైన డబ్బాలోనో సంచిలోనో పలుచగా పరిచి, కాండం అడుగు నాచుకు దగ్గరగా, ఆకులు నాచుకు తగలకుండా మొక్కను పెట్టి, మూత వేసి, 22 నుంచి 27 డిగ్రీల వేడి, నేరుగా ఎండ తగలని వెలుతురు ఉన్న చోట ఉంచాలి. లోపలి గాలి తేమతో నిండి ఉండటం వల్ల ఆకు ఎండదు. కాండం అడుగున చిన్న పచ్చని మొనలుగా కొత్త వేళ్లు పొడుచుకురావడానికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పట్టవచ్చు. రెండు మూడు రోజులకు ఒకసారి మూత తీసి గాలి తగలనిచ్చి, బూజు పడితే నాచు మార్చాలి. ఈ డబ్బాను కిటికీ ఎండలో ఉంచితే కొద్దిసేపట్లోనే లోపల ఉడికిపోతుంది, సువైక్ ఎండలో ఇది మరీ తొందరగా జరుగుతుంది. కొత్త వేళ్లు రెండు అంగుళాలు పెరిగిన తరువాత మూతను కొద్దికొద్దిగా తెరుస్తూ, బయటి గాలికి అలవాటు చేసి, చిన్న కుండీలోకి మార్చాలి.

పొడిగాలిలో నీరసించిన మొక్కకు పురుగులు పట్టడం సాధారణం. ఆకు మొదట్లో దూదిపింజల్లా కనిపించే పిండినల్లినీ, గోధుమరంగు గుండీల్లా అంటుకునే పొలుసు పురుగునూ 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచి, వారానికి ఒకసారి చొప్పున మూడు నాలుగు సార్లు తిరిగి చూడాలి, ఎందుకంటే గుడ్ల నుంచి వచ్చే కొత్త తరం మొదటిసారి తప్పించుకుంటుంది. ఆకు అడుగున వెండిరంగు మచ్చలు తెచ్చే ఎర్రనల్లికి తడిగుడ్డతో తరచుగా తుడవడం మొదటి మందు.

నీరు, ఎరువు, వెలుతురు

ఎన్ని రోజులకు ఒకసారి నీరు పోయాలన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. వేరు వెండిరంగుకు తిరిగి, కుండీ తేలికైనప్పుడు పోయడమే నియమం. ఉదయంపూట, మిశ్రమమంతా తడిసి అడుగు రంధ్రాల నుంచి ధారాళంగా కారేటట్లు పోసి, పళ్లెంలో నిలిచిన నీటిని పారబోయాలి. మొవ్వులో నీరు నిలిస్తే కాగితంతో అద్దాలి. ఇలా నిండుగా పోయడం వల్ల వేళ్ల దగ్గర చేరిన లవణాలు కొట్టుకుపోతాయి, కొద్దికొద్దిగా పోస్తే అవి లోపలే పేరుకుంటాయి.

ఎరువు రోగికి మందు కాదు. వేళ్లు లేని మొక్కకు ఎరువు వేయడం ఉప్పునీరు పోయడంతో సమానం. కొత్త వేరు పెరిగి, కొత్త ఆకు కదిలిన తరువాత మాత్రమే, నత్రజని, భాస్వరం, పొటాషియం సమపాళ్లలో ఉన్న 20-20-20 వంటి నీటిలో కరిగే ఎరువును, పొట్లం మీద చెప్పిన మోతాదులో నాలుగో వంతు కలిపి వారానికి ఒకసారి ఇచ్చి, నెలకు ఒకసారి మంచినీటితో కుండీని కడగాలి. లవణాలు లేని నీరు వాడేవారు కాల్షియం, మెగ్నీషియం కూడా ఉన్న ఎరువును ఎంచుకోవాలి, ఎందుకంటే అలాంటి నీటిలో అవి కూడా ఉండవు.

వెలుతురు విషయంలో 10,000 నుంచి 15,000 లక్స్ ఫెలనాప్సిస్‌కు చాలు. ఒమాన్ మధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దగ్గరికి చేరుతుంది. పలుచని తెర వేసిన తూర్పు కిటికీ దీనికి సరైన చోటు. ఆకు ముదురు పచ్చగా, పొడుగ్గా వాలితే వెలుతురు తక్కువైందని, ఎర్రబారితే లేదా చేతికి వేడిగా తగిలితే ఎక్కువైందని గ్రహించాలి.

రుతువుల లెక్క

సువైక్‌లో ఆర్కిడ్‌ను కోలుకునేలా చేయడానికి అత్యంత అనుకూలమైన కాలం అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు. ఈ నెలల్లో ఏసీ అవసరం తగ్గుతుంది, కిటికీలు తెరవవచ్చు, మొక్కను వరండాలోనో ఖర్జూరపు చెట్ల దట్టమైన నీడలోనో ఉంచవచ్చు. సెలవుల నుంచి తిరిగివచ్చి ఆగస్టులో వాడిన మొక్కను చూసినవారు వెంటనే కుళ్లిన వేళ్లు తీసి, నాచుడబ్బాలో కాపాడుతూ, చల్లని నెలల్లో కుండీలోకి మార్చితే రుతువు కూడా వారికి తోడ్పడుతుంది.

ఫెలనాప్సిస్ పూలకాడ వేయడానికి ప్రేరణ రోజు నిడివి కాదు, చల్లదనం. ఉష్ణోగ్రత కొన్ని వారాలపాటు 26 డిగ్రీల లోపు ఉండటంతో మొగ్గతొడుగుతుంది. సువైక్ శీతకాలపు వాతావరణం ఈ పనిని ఖర్చు లేకుండా చేస్తుంది. కోలుకుంటున్న మొక్క మొదటి శీతకాలంలోనే కాడ వేస్తే దానిని తుంచడమే దయ. నాలుగైదు గట్టి ఆకులు, నిండుగా వేళ్లు వచ్చిన తరువాత, సాధారణంగా రెండవ ఏడాదికి, పూయనివ్వవచ్చు.

సెలవులకు ఊరు వెళ్లేవారికి మొక్కను పొరుగువారికి అప్పగించడం అన్నిటికన్నా మంచి ఏర్పాటు. అప్పగించేటప్పుడు ఎప్పుడు పోయాలో కాకుండా వేరు ఏ రంగుకు వచ్చినప్పుడు పోయాలో చెప్పాలి. ఎవరూ లేనప్పుడు పూర్తిగా నీరు తాగించి, నీరంతా కారనిచ్చి, ఇంటిలో అతి చల్లని, మసక వెలుతురు ఉన్న గదిలో, కుండీ కింద నీరు నిలవకుండా ఉంచి వెళ్లడం ఉత్తమం. ఎండిన ఆర్కిడ్ కోలుకునే అవకాశం కుళ్లిన ఆర్కిడ్‌కన్నా ఎక్కువ.

ఒమాన్‌కు సొంతమైన ఆర్కిడ్

ఎడారి దేశమనిపించే ఒమాన్‌లో కూడా ఆర్కిడ్లు అడవి మొక్కలుగా ఉన్నాయి. హజర్ పర్వతాల్లో రాతి పగుళ్ల నుంచి నీరు ఊరే తడి చోట్ల ఎపిపాక్టిస్ వెరాట్రిఫోలియా అనే నేల ఆర్కిడ్ పెరుగుతుంది. పేనుబంకలు ప్రమాదంలో విడిచే రసాయనాల వాసనను ఈ పువ్వు అనుకరించి, పిల్లలకు ఆహారంగా పేనుబంకలు వెతుక్కునే హోవర్ ఈగలను రప్పించి, వాటితో పరాగసంపర్కం చేయించుకుంటుందని శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఒక సన్నని నీటి ఊటనూ ఒక చిన్న ఈగనూ నమ్ముకుని బతికే ఇటువంటి మొక్క, ఊట ఎండినా, ఎవరైనా తవ్వి తీసుకుపోయినా తిరిగి రాదు. తూర్పు కనుమల వదనికలదీ అదే పరిస్థితి. అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒప్పందం ఆర్కిడ్ కుటుంబాన్నంతటినీ రక్షిత జాబితాలో చేర్చింది. సెలవులకు వచ్చినప్పుడు అరకు, మారేడుమిల్లి అడవుల నుంచి ఆర్కిడ్లు పీకి పెట్టెలో తీసుకువెళ్లడం అడవికి ద్రోహం, చట్టానికి విరుద్ధం, ఆ మొక్కకు దాదాపు మరణమే.

అడవిలోని ఆర్కిడ్‌ను అడవిలోనే ఉండనిచ్చి, ఇంట్లో ఉన్న ఆర్కిడ్‌ను బతికించుకోవడమే మొక్కలను ప్రేమించేవారు చేయదగిన పని. పూలు రాలిన కుండీని పారవేసే ముందు ప్రతి పాఠకుడూ ఒక్కసారి మొక్కను బయటికి తీసి, మొవ్వు గట్టిగా ఉందా, ఒక్క వేరైనా మిగిలిందా అని చూడాలి. ఒక్క గట్టి వేరు ఉన్నా దానిని చిన్న కుండీలో నాటి, ఉప్పు లేని నీరు పోసి, ఒక శీతకాలం గడిచేవరకు ఓపిక పట్టాలి.